కోహిమా ఆటలో దాగని బంకర్లు: కొన్నవారికి వివరణ

1944లో నేటి నాగాలాండ్‌లోని కోహిమా కొండల మీద జపాన్ సైన్యానికీ, బ్రిటిష్ ఇండియా సైన్యానికీ జరిగిన యుద్ధం మీద పటం, బిళ్ళలతో మేము చేసిన కోహిమా ఆటను కొన్న వారందరికీ నమస్కారం. పెట్టెలోని బంకరు బిళ్ళలలో ఒక లోపం ఉంది. అది మొదటి ముద్రణలోని 300 పెట్టెలలోనూ ఉంది, దానికి బాధ్యత పూర్తిగా నాది. ఆ లోపం ఎలా వచ్చిందో, దాన్ని ఎలా సరిచేస్తున్నామో, ఆలోగా ఆటను ఎలా ఆడుకోవచ్చో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

పెట్టె ఇంకా విప్పని వారి కోసం ముందుగా ఒక మాట. రక్షణ పక్షం, అంటే జపాన్ సైన్యం తరఫున ఆడేవారు, తమ ఎనిమిది బంకర్లను, వాటితో పాటు ఎనిమిది ఉత్తుత్తి బిళ్ళలను బోర్లించి, పటం మీద తమకు నచ్చిన గడులలో పెట్టుకుంటారు. ఎదుటివారి దళం పక్క గడిలోకి వచ్చినప్పుడు గానీ, బంకరు తానే కాల్పులు జరిపినప్పుడు గానీ మాత్రమే బిళ్ళను తిప్పి చూపాలి. ఏ బిళ్ళ కింద మెషిన్ గన్ ఉందో, ఏ బిళ్ళ కింద ఏమీ లేదో తెలియక దాడి చేసేవారు తటపటాయించడమే ఈ ఆటకు ప్రాణం. కాబట్టి బోర్లించిన పదహారు బిళ్ళలూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండాలి. మావి అలా లేవు.

గత నెలలో మా దుకాణానికి ఆదివారం ఆటకు వచ్చిన ఒక కాలేజీ కుర్రవాడు దాడి పక్షం తీసుకుని వరుసగా మూడు ఆటలు గెలిచాడు. మూడో ఆటలో ఒక్క ఉత్తుత్తి బిళ్ళ మీద కూడా ఫిరంగి గుండు వృథా చేయలేదు. ఎలా కనిపెడుతున్నావు బాబూ అని అడిగితే, "కాస్త వంగి, ట్యూబులైటు వెలుతురు బిళ్ళ మీద ఏటవాలుగా పడేలా చూడండి అంకుల్, బంకర్లు మెరవవు, ఉత్తుత్తివి మెరుస్తాయి" అన్నాడు. వంగి చూశాను. ఎనిమిది బిళ్ళలు మట్టిరంగులో మెరుపు లేకుండా ఉన్నాయి, తక్కిన ఎనిమిదింటి మీద సన్నని మెరుపు ఉంది. వేలితో తడిమితే అంచుల పదును కూడా తేడాగా తగిలింది. గుర్తు పెట్టిన పేకముక్కలను కొత్త పెట్టెలో పెట్టి అమ్మినట్టే అయింది.

కారణం నా పొదుపు. ఆటను మొదట రూపొందించినప్పుడు ఉత్తుత్తి బిళ్ళలే లేవు. రక్షణ పక్షం వారు బంకర్లున్న గడుల సంఖ్యలను కాగితం మీద రాసి దాచుకునేవారు. ఆడి చూసినవారిలో చాలామందికి ఆ పద్ధతి నచ్చలేదు. "ఇది ముందే రాశావా, ఇప్పుడు రాశావా" అనే తగాదాలు వచ్చాయి. దాంతో బోర్లించే పద్ధతికి మారాను. కానీ అప్పటికే బంకర్ల షీటు అచ్చయి ఉంది. దాన్ని పక్కన పడేసి మొత్తం మళ్లీ వేయించడానికి మనసొప్పక, ఉత్తుత్తి బిళ్ళలను మాత్రం రెండు నెలల తర్వాత వేరే చిన్న షీటుగా వేయించాను. మొదటిసారి వాడిన మాట్ లామినేషన్ (మెరవని పైపొర) దొరకడం లేదని, దానికి దగ్గరి రకం వేస్తామని ప్రెస్సువారు ముందే చెప్పారు, నేనే సరేనన్నాను. ప్రూఫు వచ్చినప్పుడు ముందువైపు బొమ్మలనూ అక్షరదోషాలనూ జాగ్రత్తగా చూశాను తప్ప, రెండు షీట్ల వెనుకవైపులను పక్కపక్కన పెట్టి చూడాలన్న ఆలోచనే రాలేదు. ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. లోపం తెలిశాక ఒక వారం పాటు, ఇంత చిన్న తేడా ఎవరికి తెలుస్తుందిలే అని ఊరుకున్నాను. ఆ వారంలో మరో నాలుగు పెట్టెలు అమ్మాను కూడా.

వేరే యుద్ధం మీద ఆటైతే ఇది ఇంత పెద్ద తప్పు కాకపోవచ్చు. 1944 కోహిమాలో మాత్రం దాగి ఉన్న బంకర్లే అసలు కథ. ఏప్రిల్‌లో పట్టుకున్న కొండల్లో జపాన్ సైనికులు లోతుగా తవ్వుకుని, పైన దుంగలూ మట్టీ కప్పుకుని, ఒక బంకరుకు మరొకటి కాపలాగా ఉండేలా అమర్చుకున్నారు. జైల్ హిల్ మీదికి ఎక్కుతున్న వారికి ఆ కొండ మీది తుపాకులతో పాటు, పొరుగున ఉన్న జీపీటీ రిడ్జ్ అనే కొండ వరుస అవతలి వాలు నుంచి పక్కగా వచ్చే కాల్పులు కూడా శాపమయ్యాయి. అవతలి వాలు మీద ఉన్న బంకరు శిఖరం దాటితే గానీ కంటపడదు. చివరికి మే 11న జరిగిన దాడిలో పొగ గుండ్లతో మెషిన్ గన్ల కళ్లు కప్పి ఆ కొండను పట్టుకున్నారు. డిప్యూటీ కమిషనర్ బంగళా టెన్నిస్ కోర్టు దగ్గరైతే, బుల్డోజరుతో కొండ మీదికి దారి చేసి, లీ ట్యాంకు ఒకదాన్ని పైకి చేర్చి, కోర్టు మీదికి దింపి బంకర్లను దగ్గర నుంచి కొట్టాల్సి వచ్చింది. ట్యూబులైటు వెలుతురులో బంకరు ఎక్కడుందో తెలిసిపోతే, ఆటలో పొగకూ ట్యాంకుకూ పనే ఉండదు.

కొత్త బిళ్ళలు అందేవరకు దయచేసి పాత కాగితం పద్ధతిలోనే ఆడండి. ఇది కొత్త చిట్కా ఏమీ కాదు. 1985లో వచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ అనే యుద్ధపు ఆటలోనూ దాచిన మోహరింపును ఇలా రాసుకునే నడిపిస్తారు. తగాదా రాకుండా ఉండాలంటే, ఆట మొదలవ్వక ముందే ఎనిమిది గడుల సంఖ్యలనూ సిరాతో రాసి, కాగితం మడిచి, పెట్టె మూత కింద పెట్టి, ఆ మూతను ఇద్దరికీ కనిపించేలా ఉంచండి. మూడో మనిషి ఉంటే ఇంకా మంచిది. 1824లో ప్రష్యా సైన్యం ముందుకు రైస్‌విట్జ్ అనే సైనికాధికారి తెచ్చిన క్రీగ్స్‌పీల్ అనే యుద్ధపు ఆటలో కూడా రెండు పక్షాలకూ తెలిసిన వాటినే పటం మీద పెట్టడానికి ఒక మధ్యవర్తి ఉండేవాడు.

అయితే ఈ పద్ధతిలో బంకరు ఉందన్న అనుమానానికి కూడా పటం మీద గుర్తు ఉండదు కనుక దాడి పక్షానికి కష్టం పెరుగుతుంది. మేము జైల్ హిల్ ఘట్టాన్ని ఇలా పన్నెండుసార్లు ఆడితే దాడి పక్షం రెండుసార్లే గెలిచింది. అందువల్ల కాగితం పద్ధతిలో ఆడేటప్పుడు ఆ ఘట్టాన్ని ఎనిమిది వంతులకు బదులు పది వంతులు ఆడండి, దాడి పక్షానికి ఒక పొగ గుండు అదనంగా ఇవ్వండి. మిగతా ఘట్టాలను ఇంకా సరిచూస్తున్నాం.

బంకర్లు, ఉత్తుత్తి బిళ్ళలు పదహారింటినీ ఈసారి ఒకే షీటు మీద, ఒకే విడతలో అచ్చు వేయిస్తున్నాను. షీట్లు వచ్చాక ట్యూబులైటు కింద నేనే ఒక్కొక్కటీ వంచి చూసి పంపుతాను. వాటి ఖర్చూ, పోస్టు ఖర్చూ మావే. మీరు ఆర్డరు ఇచ్చిన చిరునామా మారి ఉంటే మాత్రం తెలియజేయండి. ఆట వద్దనుకునే వారు పెట్టె తిరిగి పంపితే పూర్తి డబ్బు వాపసు ఇస్తాం, కారణం అడగం. నేను ఊరుకున్న ఆ వారంలో కొన్న నలుగురికి ఇప్పటికే ఫోను చేశాను, వారిలో ఒకరు వాపసు తీసుకున్నారు. ఈ ఖర్చు వల్ల, 1943 నాటి బర్మాలోని డోన్‌బైక్ బంకర్ల మీద మేము చేస్తున్న రెండో ఆట సంక్రాంతికి రాదు. ఎప్పుడు వస్తుందో డబ్బు చూసుకుని చెబుతాను.

పాత బిళ్ళలను తిరిగి పంపనవసరం లేదు. కొత్తవి అందగానే పాత పదహారింటినీ పెట్టెలోంచి తీసేయండి. ఒక్కటి పొరపాటున కలిసినా, మెరుపు చూసి పట్టేసే కుర్రవాడు మీ ఇంట్లోనూ ఒకడు ఉండే ఉంటాడు.