చలికాలానికి ముందు మా వినియోగదారులకు: థర్మోస్టాట్ అమ్మకాల్లో చేస్తున్న మార్పు

ఈ చలికాలం నుంచి మా పనితీరులో ఒక మార్పు చేస్తున్నాము. మీ ఇంటిని వేడిచేసే యంత్రం ఏ రకానిదో తెలుసుకోకుండా ఇకపై ఎవరికీ థర్మోస్టాట్, అంటే ఆ యంత్రాన్ని అదుపుచేసే పరికరం, అమ్మము. ఫలానా మోడల్ కావాలని నిర్ణయించుకుని వచ్చినవారిని కూడా ముందుగా కొన్ని విషయాలు అడుగుతాము: ఇంట్లో ఉన్నది గాలిని వేడిచేసి పంపే ఫర్నేసా, నీటిని వేడిచేసి పంపే బాయిలరా, బయటి గాలిలోని వేడిని లోపలికి తెచ్చే హీట్ పంపా, గోడవారన అమర్చే విద్యుత్ హీటర్లా, పగలు ఇంట్లో ఎవరెవరు ఉంటారు, ఇప్పుడున్న థర్మోస్టాట్‌తో వచ్చిన ఇబ్బంది ఏమిటి. ఆ సమాధానాలు విన్న తరువాత కొందరికి కొత్తది అవసరం లేదని చెప్పవలసి వస్తుంది. అందువల్ల మా అమ్మకాలు తగ్గుతాయని తెలిసే ఈ నిర్ణయం తీసుకున్నాము. ఎందుకంటే ఖరీదైన థర్మోస్టాట్ పెట్టించుకున్నా బిల్లు తగ్గలేదని బాధపడే ఇళ్లలో చాలాసార్లు లోపం పరికరంలో ఉండదు. ఆ ఇంటికి అది సరిపోకపోవడమో, దాన్ని వాడే పద్ధతి సరిగా లేకపోవడమో అసలు కారణమవుతుంది.

థర్మోస్టాట్ వేడిని పుట్టించదు. గదిలోని ఉష్ణోగ్రతను చూసి, యంత్రాన్ని ఎప్పుడు నడపాలో, ఎప్పుడు ఆపాలో చెప్పడమే దాని పని. అందుకే చలిగా ఉన్న గదిని త్వరగా వేడెక్కించాలని 21 డిగ్రీలకు బదులు 26 డిగ్రీలు పెట్టడం వల్ల సాధారణ ఫర్నేస్ ఉన్న ఇంట్లో ప్రయోజనం ఉండదు. ఫర్నేస్ రెండు సందర్భాల్లోనూ ఒకే వేగంతో వేడినిస్తుంది, కాకపోతే రెండోసారి ఆగవలసిన చోట ఆగకుండా నడుస్తుంది. (ఈ లేఖలోని ఉష్ణోగ్రతలన్నీ సెల్సియస్ డిగ్రీలలోనే ఉన్నాయి.)

ఈ ప్రశ్నలతో పాటు థర్మోస్టాట్ వైర్ల గురించి కూడా అడుగుతాము, దానికి కారణం భద్రత. ఫర్నేసులకు, హీట్ పంపులకు వాడే థర్మోస్టాట్లలో చాలావరకు 24 వోల్టుల సన్నని రంగుల వైర్లతో పనిచేస్తాయి. గోడవారన ఉండే విద్యుత్ హీటర్లకు మాత్రం నేరుగా ఇంటి విద్యుత్తే, అంటే 120 లేదా 240 వోల్టులు, థర్మోస్టాట్ గుండా వెళుతుంది. అక్కడి వైర్లు లావుగా ఉంటాయి. తక్కువ వోల్టేజీ కోసం తయారైన పరికరాన్ని అటువంటి చోట బిగిస్తే అది కాలిపోవచ్చు, మంటలు కూడా రావచ్చు. కాబట్టి మాకు చూపించేందుకు వైర్ల ఫొటో తీయడానికి థర్మోస్టాట్ ముందుభాగాన్ని ఊడదీసే ముందు బ్రేకర్ దగ్గర కరెంటు తప్పనిసరిగా ఆపండి. లావు వైర్లు కనబడితే వాటిని తాకకుండా వదిలేసి మాకు చెప్పండి.

సన్నని వైర్లు ఉన్న ఇళ్లలో తరువాతి ప్రశ్న ‘సి’ అనే గుర్తు ఉన్న చోట వైరు బిగించి ఉందా లేదా అన్నది. వైఫైతో పనిచేసే థర్మోస్టాట్లకు నిరంతరం విద్యుత్తు కావాలి, దాన్ని అందించేది ఆ వైరే. అది లేని ఇళ్లలో కొన్ని పరికరాలు వేడిని నియంత్రించే సర్క్యూట్ నుంచే కొద్దికొద్దిగా విద్యుత్తు తీసుకుంటాయి. కొన్ని యంత్రాలు దాన్ని తట్టుకుంటాయి, కొన్ని అకారణంగా ఆగుతూ నడుస్తూ ఇబ్బంది పెడతాయి. గోడ లోపల వాడకుండా వదిలేసిన వైరు ఒకటి చుట్టి ఉంటే పని సులువవుతుంది. లేకపోతే అడాప్టర్ పెట్టాలి, లేదా కొత్త వైరు లాగాలి. ఆ ఖర్చు కూడా కలిపి లెక్క చెప్పిన తరువాతే మీ నిర్ణయం అడుగుతాము.

ఇక పొదుపు సంగతి. రాత్రివేళ, ఇంట్లో ఎవరూ లేనివేళ ఉష్ణోగ్రత తగ్గిస్తే, తిరిగి వేడెక్కించడానికి ఆదా అయినదంతా ఖర్చయిపోతుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. ఇది నిజం కాదు. అడుగున చిల్లు ఉన్న కుండలో నీటిమట్టం ఎంత ఎత్తున ఉంటే నీరు అంత వేగంగా కారిపోయినట్టే, లోపలికీ బయటికీ ఉష్ణోగ్రతలో తేడా ఎంత ఎక్కువగా ఉంటే ఇల్లు అంత వేగంగా వేడిని కోల్పోతుంది. తగ్గించి ఉంచిన ఆ కొన్ని గంటలూ కోల్పోయే వేడి తగ్గుతుంది, ఆదా అయ్యేది అదే. రోజుకు ఎనిమిది గంటల పాటు సుమారు 4 నుంచి 6 డిగ్రీలు తగ్గిస్తే ఏడాది ఖర్చులో 10 శాతం వరకు ఆదా కావచ్చని అమెరికా ఇంధన శాఖ చెబుతుంది. వారంలో ఒక్కో రోజుకు ఒక్కో సమయపట్టిక పెట్టుకోగల సాధారణ ప్రోగ్రామింగ్ థర్మోస్టాట్ ఈ పనికి చాలు.

అయితే హీట్ పంప్ ఉన్న ఇళ్లకు ఈ సలహాను ఇలాగే అన్వయించకూడదు. ఈ ఒక్క విషయంలో జరిగే నష్టాన్ని చూసే మేము ప్రశ్నలు అడగాలని నిశ్చయించుకున్నాము. హీట్ పంప్ బయటి గాలిలోని వేడిని లోపలికి చేరవేస్తుంది కనుక, అనుకూల వాతావరణంలో ఒక యూనిట్ విద్యుత్తుకు రెండు నుంచి నాలుగు యూనిట్ల వేడిని ఇవ్వగలదు. చలి ముదిరేకొద్దీ ఆ నిష్పత్తి తగ్గుతుంది. చాలా ఇళ్లలో దానికి తోడుగా విద్యుత్ కాయిళ్లు కూడా ఉంటాయి, అవి ఒక యూనిట్‌కు ఒక యూనిట్ వేడి మాత్రమే ఇస్తాయి. రాత్రి అయిదు డిగ్రీలు తగ్గించి, తెల్లవారగానే ఒక్కసారిగా పెంచితే, ఆ తేడాను త్వరగా పూడ్చాలని థర్మోస్టాట్ కాయిళ్లను పిలుస్తుంది, దాంతో రాత్రంతా మిగిలినది పొద్దున్నే ఖర్చయిపోవచ్చు. అటువంటి ఇళ్లలో ఒకటి రెండు డిగ్రీలకు మించి తగ్గించవద్దని, లేదా ఒకే ఉష్ణోగ్రత దగ్గర స్థిరంగా ఉంచమని మా సలహా. కొత్తది కొనవలసి వస్తే, హీట్ పంపుల కోసమే తయారై, బయటి ఉష్ణోగ్రత ఒక హద్దు దాటి పడిపోయేవరకు కాయిళ్లను రానివ్వకుండా ఆపగల దాన్నే సూచిస్తాము. ‘ఎమర్జెన్సీ హీట్’ అనే మీట పూర్తిగా కాయిళ్లతోనే ఇంటిని వేడిచేస్తుంది కాబట్టి, హీట్ పంప్‌కు ఇంటి బయట ఉండే యూనిట్ చెడిపోయినప్పుడు తప్ప దాన్ని వాడవద్దు. చలి రోజుల్లో బయటి యూనిట్ మీద పలుచగా మంచు పేరుకోవడం, కాసేపు ఆవిరి రావడం సహజమే. ఆ మంచును యంత్రం తనంతట తానే కరిగించుకుంటుంది. అది కరగకుండా గడ్డకట్టి యూనిట్‌ను పూర్తిగా కప్పేస్తే మాత్రం మమ్మల్ని పిలవండి.

నేల కింద పైపులతో వేడిచేసే ఇళ్లు వేడెక్కడానికి గంటలు పడుతుంది, కనుక అక్కడ కూడా మాటిమాటికీ మార్చడం వృథా.

బాయిలర్ నుంచి వచ్చే వేడితో గదిని వెచ్చబరిచే రేడియేటర్లు ఉన్నవారికి రెండు మాటలు. రేడియేటర్ వేడిని తగ్గించే, పెంచే థర్మోస్టాటిక్ వాల్వ్ మీది 1 నుంచి 5 వరకు అంకెలు డిగ్రీలు కావు. సాధారణంగా 3 అంటే సుమారు 20 డిగ్రీలు. గోడ థర్మోస్టాట్ ఉన్న గదిలోనే ఆ వాల్వ్‌ను తగ్గిస్తే, ఆ గది ఎప్పటికీ వేడెక్కక, బాయిలర్ ఆగకుండా నడుస్తుంది. కాబట్టి ఆ ఒక్క గదిలో వాల్వ్‌ను పూర్తిగా తెరిచి ఉంచి, మిగిలిన గదుల్లో మీకు నచ్చినట్టు తగ్గించుకోండి. వాల్వ్ తలకు పరదా అడ్డం రాకుండా చూడండి.

థర్మోస్టాట్ ఎంత మంచిదైనా దాన్ని పెట్టిన చోటు తప్పయితే తప్పుడు అంకెను చూసే పనిచేస్తుంది. ఎండ పడే గోడ, వంటగది పక్క, దీపం దగ్గర, వీధి తలుపు ఎదురుగా పెట్టకూడదు. ఇంటి లోపలి గోడ మీద, నేలకు సుమారు 1.5 మీటర్ల ఎత్తున ఉండాలి. ఎవరూ గమనించని లోపం ఒకటుంది: వైర్లు వచ్చే రంధ్రం గుండా గోడ లోపలి చల్లని గాలి నేరుగా సెన్సార్‌కు తగులుతుంది. గది వెచ్చగా ఉన్నా యంత్రం ఆగకపోతే కొత్తది కొనే ముందు ఆ రంధ్రాన్ని మూయించి చూడండి. ఇందుకోసం కాస్త పుట్టీ చాలు, మా మనిషి ఏ పని మీద మీ ఇంటికి వచ్చినా అడగండి, ఆ పనికి విడిగా డబ్బు తీసుకోము.

మీ రాకపోకలను తానే గమనించి నేర్చుకునే స్మార్ట్ థర్మోస్టాట్ల మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. పనివేళలు రోజుకొక తీరుగా ఉండి, బయటికి వెళ్లేటప్పుడు తగ్గించడం మరిచిపోయేవారికి అవి నిజంగా మేలు చేస్తాయి. పగలంతా పసిపిల్లలతోనో వృద్ధులతోనో ఇంట్లో ఉండేవారికి తగ్గించే వేళలే ఉండవు కాబట్టి వాటివల్ల పెద్దగా ఒరిగేది లేదు. వృద్ధులే వాడుకోవలసిన ఇంట్లో పెద్ద అంకెలు, చేతికి అందే మీటలు ఉన్న సాదా పరికరమే మేలని నేను నమ్ముతాను.

పొదుపు కోసం మరీ తగ్గించవద్దని కూడా బతిమాలుతున్నాను. చలికాలంలో ఇంటి లోపల కనీసం 18 డిగ్రీలు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సూచించింది. వృద్ధులు, చిన్నపిల్లలు, గుండె, ఊపిరితిత్తుల జబ్బులు ఉన్నవారు ఉన్న ఇళ్లలో అంతకంటే ఎక్కువే అవసరం కావచ్చు. ఊరు వెళ్లినప్పుడు కూడా 12, 13 డిగ్రీలకంటే తగ్గిస్తే గోడల్లోని నీటి పైపులు గడ్డకట్టి పగిలే ప్రమాదం ఉంది.

తీవ్రమైన చలి మొదలైన రోజున అందరి ఫోన్లూ ఒకేసారి వస్తాయి, మా దగ్గర ఉన్నది కొద్దిమంది మనుషులు. ఆ రోజుల్లో వేడి పూర్తిగా ఆగిపోయిన ఇళ్లకు, అందులోనూ పసిపిల్లలు, వృద్ధులు, రోగులు ఉన్న ఇళ్లకు ముందు వెళతాము. ముందే సమయం ఇచ్చినా సరే, థర్మోస్టాట్ మార్చే పనులను ఆ రోజుల్లో చేయకుండా వాయిదా వేస్తాము, దయచేసి అర్థం చేసుకోండి. మాకు ఫోన్ చేసే ముందు థర్మోస్టాట్ బ్యాటరీలు, బ్రేకర్, గాలి ఫిల్టర్, బయటి పొగగొట్టానికి మంచు అడ్డుపడిందా అన్నవి చూడండి. బ్యాటరీలు అయిపోవడం వల్లనే వేడి ఆగిన ఇళ్లు తక్కువేమీ కావు. కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువును పసిగట్టే అలారం మోగితే మాత్రం ఏదీ పరీక్షించవద్దు. అందరూ వెంటనే బయటికి వచ్చి అత్యవసర సేవలకు ఫోన్ చేయండి, ఆ తరువాతే మాకు. వేడి లేదని గ్యాస్ పొయ్యినిగానీ బొగ్గుల కుంపటినిగానీ గదిలో వెలిగించి పడుకోవద్దు.

పాతకాలపు గుండ్రని థర్మోస్టాట్లలో కొన్నింటి లోపల చిన్న గాజు గొట్టంలో పాదరసం ఉంటుంది. మార్చినప్పుడు దాన్ని చెత్తబుట్టలో వేయకుండా, గొట్టం పగలకుండా మా దుకాణానికి తెచ్చివ్వండి. మా దగ్గర కొనకపోయినా తీసుకుని, ప్రమాదకర వ్యర్థాలను సేకరించే కేంద్రానికి మేమే చేరుస్తాము.