కాన్పు గదిలో పక్కన ఎవరుండాలో ఆ అమ్మాయినే చెప్పనివ్వండి

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఇంటింటికీ వెళ్ళి గర్భిణులను చూసే నర్సును. మీకు రోజూ ఎన్నో అర్జీలు వస్తాయి కాబట్టి నా విన్నపం ముందే చెప్పేస్తాను. కాన్పుకు వచ్చే ప్రతి అమ్మాయితోపాటు, ఆమె కోరుకున్న ఒక మనిషిని లోపలికి రానివ్వండి. ఆ వచ్చిన మనిషి భర్తా, తల్లా, అత్తా అని ఆరా తీయొద్దు. ఆ అమ్మాయి ఆ పేరు చెప్పిందా లేదా అన్నదొక్కటే చూడమనండి.

ఎందుకు అడుగుతున్నానో అర్థం కావాలంటే మీకు ఇద్దరి గురించి చెప్పాలి. వాళ్ళను అడిగే రాస్తున్నాను. పేర్లు మాత్రం రాయను.

పెద్దావిడ వెదురు బుట్టలు అల్లుతుంది. ఆమె భర్త వెదురు చీల్చేవాడు, ఆమె అల్లేది. పెళ్ళయిన నాటి నుంచి ఆ పని ఇద్దరిదీ. ఆయన పోయాక ఆమె అల్లడం మానేసింది. చివరిసారి ఆయన తెచ్చిపెట్టిన వెదురు పాక పక్కన అలాగే పడి ఉండేది. వెదురు పచ్చిగా ఉన్నప్పుడైతే సులువుగా చీలుతుంది, ఎండితే గట్టిపడుతుంది. ఆ సంగతి ఆమె కన్నా బాగా ఎవరికి తెలుసు? అయినా ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. కొనుక్కుంటామని వచ్చినవాళ్ళను కేకలేసి పంపించింది.

ఆ అమ్మాయికి పద్దెనిమిదేళ్ళు. కడుపుతో ఉందని తెలిసిన రోజునే ఇంట్లోవాళ్ళు గుమ్మం చూపించారు. బిడ్డ తండ్రి ఫోన్ ఎత్తడం మానేశాడు. పెద్దావిడ పాక వెనక ఒక చిన్న గదిలో అద్దెకు దిగింది. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు తలుపు సగమే తీసి, నా చేతిలో రిజిస్టర్ చూసి, "మీరు కూడా ఎవరని అడగడానికే వచ్చారా?" అంది.

వీళ్ళిద్దరికీ ఎలా కుదిరిందో నాకు చాలాకాలం అంతుపట్టలేదు. మొదట్లో పోట్లాటే. పొద్దున్నే వాంతులయ్యి ఆ పిల్ల పాక గోడ దగ్గర కూర్చుంటే పెద్దావిడ విసుక్కునేది. ఒక రోజు మాత్రం, ఏమనుకుందో, ఆ ఎండుతున్న కుప్పలోంచి ఒక వెదురు లాగి, కత్తి పెట్టి, "పిల్లా, ఊరికే కూర్చోకపోతే ఆ చివర పట్టుకోరాదూ" అంది. ఈ మాట నాకు అమ్మాయే చెప్పింది. చెప్పేటప్పుడు ఆవిడ గొంతు అనుకరించింది కూడా.

ఆ తర్వాత నేను ఎప్పుడు వెళ్ళినా ఇద్దరూ అక్కడే కనిపించేవాళ్ళు. బరువులు ఎత్తకూడదు, కింద వంగి కూర్చోకూడదు అని చెబుదామని వెళ్తే, పెద్దావిడ అప్పటికే ఆ పిల్లకు వీపు ఆనే కుర్చీ వేసి ఉంచింది. కత్తి మాత్రం చేతికి ఇవ్వలేదు. వెదురు చీల్చేటప్పుడు చీలిక తిన్నగా పోదు, ఏదో ఒక పక్కకు జారుతుంది. అప్పుడు లావుగా ఉన్న వైపును కాస్త ఎక్కువ వంచితే చీలిక మళ్ళీ మధ్యకు వస్తుంది. ఆ పని అవతలి చివర పట్టుకున్న మనిషిది. కొన్నాళ్ళకు ఆ అమ్మాయి పెద్దావిడ చెప్పకముందే వంచడం మొదలుపెట్టింది. ఆ రోజు పెద్దావిడ పని ఆపి లోపలికి వెళ్ళి చాలాసేపు బయటికి రాలేదట. తన వల్ల ఏదో తప్పు జరిగిందని ఈ పిల్లకు ఒకటే టెన్షన్. బయటికి వచ్చి, "ఆయన కూడా అట్లాగే వంచేవాడు" అని మళ్ళీ కత్తి తీసుకుందట.

నాకు వాళ్ళ దగ్గర కనిపించిన విషయం ఇది. వచ్చిన ప్రతివాళ్ళూ ఆ అమ్మాయిని "ఎవరు?" అని అడిగారు. పెద్దావిడ అడగలేదు. పరామర్శకు వచ్చిన ప్రతివాళ్ళూ పెద్దావిడతో "మనసు దిటవు చేసుకో, ఎన్నాళ్ళని ఏడుస్తావు" అన్నారు. ఆ అమ్మాయి ఆ మాట అనలేదు. ఓదార్చడం ఆ పిల్లకు రాదు, బుజ్జగించడం పెద్దావిడకు రాదు. చేతిలో పని ఉంది కాబట్టి మాట్లాడకుండా కూడా కలిసి కూర్చోగలిగారు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో నేను ఎందరికో ధైర్యం చెప్పాను. కానీ అలా పక్కన కూర్చోవడానికి నా డ్యూటీలో సమయం లేదు, సర్.

ఇది కేవలం మనసుకు సంబంధించిన సంగతి కాదని చెప్పడానికి ఒక్క రోజు గురించి రాస్తాను. ఎనిమిదో నెల. అమ్మాయి సన్న బద్దను పట్టుకోబోతే అది వేళ్ళ మధ్య నిలవలేదు, జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. పెద్దావిడ ఆ వేళ్ళను తన చేతిలోకి తీసుకుని చూసింది. వాచి ఉన్నాయి. మొహం వైపు చూసింది, కళ్ళ కింద కూడా ఉబ్బు. "తల నొప్పిగా ఉందా?" అని అడిగితే "నిన్నటి నుంచి" అంది ఆ పిల్ల. పెద్దావిడ వెంటనే నాకు ఫోన్ చేయించింది. బీపీ బాగా పెరిగి ఉంది, మూత్రంలో ప్రోటీన్ పోతోంది. ఆ రోజే మందులు మొదలయ్యాయి. నేను వెళ్ళాల్సిన తేదీ ఇంకా వారం ఉంది. ఒంటరిగా గదిలో ఉండి ఉంటే ఆ తలనొప్పికి ఏదో మాత్ర వేసుకుని పడుకునేది.

టీనేజ్‌లో గర్భం ఎంత ప్రమాదమో మీ అధికారులకు తెలియనిది కాదు. 20 నుంచి 24 ఏళ్ళ తల్లులతో పోలిస్తే 10 నుంచి 19 ఏళ్ళ తల్లులకు బీపీ పెరిగి ఫిట్స్ రావడం, కాన్పు తర్వాత గర్భసంచిలో ఇన్‌ఫెక్షన్ రావడం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. పిల్లలు నెలలు నిండకుండా, తక్కువ బరువుతో పుట్టడం కూడా ఎక్కువే. 2019 లెక్క ప్రకారం తక్కువ, మధ్యస్థ ఆదాయ దేశాల్లో 15 నుంచి 19 ఏళ్ళ వయసు అమ్మాయిలు ఏటా సుమారు 2 కోట్ల 10 లక్షల మంది గర్భం దాలుస్తున్నారు. అసలు ఇంత చిన్న వయసులో ఈ పరిస్థితి రాకుండా చూడాలి, అది మొదటి పని. కానీ వచ్చినవాళ్ళను ఒంటరిగా వదిలేస్తే ఆ మొదటి పని జరిగినట్టు కాదు కదా.

ఇక కాన్పు రోజు సంగతి. అర్ధరాత్రి నొప్పులు మొదలయ్యాయి. పెద్దావిడే ఆటో పిలిచి తీసుకెళ్ళింది. ఏ ఆసుపత్రో చెప్పను. అక్కడి సిబ్బంది మీద నాకు కోపం లేదు, వాళ్ళ ముందున్న నియమం ప్రకారం వాళ్ళు నడుచుకున్నారు. ఫారంలో "వెంట వచ్చినవారు గర్భిణికి ఏమవుతారు?" అని ఒక గడి ఉంటుంది. పెద్దావిడ అబద్ధం చెప్పదు. "నేను ఏమీ కాను, పక్క ఇంటిదాన్ని" అంది. "అయితే బయట ఉండండి" అన్నారు. అమ్మాయి లోపలి నుంచి "పెద్దమ్మను రానివ్వండి" అని అరుస్తూనే ఉందట. తెల్లవారేదాకా పెద్దావిడ వరండాలోనే ఉంది. ఎలా ఉందని అడిగితే, బంధువులకే చెబుతామన్నారు. ఆ పిల్ల తల్లి ఫోన్ నంబర్ అడిగారు. ఏ తల్లి అయితే గుమ్మం చూపించిందో, ఆ తల్లికి హక్కు ఉంది. వాచిన వేళ్ళను గుర్తుపట్టిన మనిషికి లేదు.

బిడ్డ బరువు తక్కువగా పుట్టింది, ఇప్పుడు బాగానే పెరుగుతోంది. తల్లి కూడా కోలుకుంది. అంతా బాగానే జరిగింది కదా అని మీ కార్యాలయంలో ఎవరైనా అనొచ్చు. ఆ రాత్రి ఆ గదిలో తన చేయి పట్టుకోవడానికి ఎవరూ లేరని ఆ అమ్మాయి ఇప్పటికీ చెబుతుంది. పురిటి నొప్పుల గురించి ఒక్క ముక్క మాట్లాడదు, ఈ మాటే చెబుతుంది.

ఇందులో నేను కొత్తగా కోరుతున్నది ఏమీ లేదు. నొప్పులు మొదలైనప్పటి నుంచి కాన్పు అయ్యేదాకా స్త్రీకి తాను కోరుకున్న తోడు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 మార్గదర్శకాల్లో సిఫార్సు చేసింది. గమనించండి, కుటుంబ సభ్యులు అనలేదు, ఆమె కోరుకున్న మనిషి అంది. వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2017లో 17 దేశాల్లో జరిగిన 26 అధ్యయనాలను కలిపి చూసింది, అందులో 15 వేలకు పైగా స్త్రీలు ఉన్నారు. కాన్పు పొడవునా పక్కన తోడు ఉన్నవాళ్ళకు సహజ కాన్పులు ఎక్కువయ్యాయి, సిజేరియన్లు తగ్గాయి, నొప్పుల సమయం కూడా కొంత తగ్గింది. మందులతో కాదు, యంత్రాలతో కాదు, పక్కన ఒక మనిషి ఉండటంతో.

పెద్దావిడ వైపు నుంచి కూడా ఆలోచించమని నా మనవి. మన శాఖ దగ్గర గర్భిణికి రిజిస్టర్ ఉంది, బిడ్డకు కార్డు ఉంది. భర్త పోయిన ముసలావిడకు మరణ ధ్రువీకరణ పత్రం ఇచ్చాక ఇంకేమీ లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సామాజిక సంబంధాల కమిషన్ 2025 జూన్‌లో ఇచ్చిన నివేదిక చదివాను. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారట. ఏటా సుమారు 8,71,000 మరణాలకు ఒంటరితనంతో సంబంధం ఉందట. అందులో ఒక అంచనా చూసి నేను అక్కడే ఆగిపోయాను. వయసు మళ్ళినవాళ్ళలో ముగ్గురిలో ఒకరి దాకా, టీనేజ్ పిల్లల్లో నలుగురిలో ఒకరి దాకా నలుగురితో సంబంధాలు తెగిపోయి బతుకుతున్నారు. ఆ నలుగురిలో ఒకరూ ఈ ముగ్గురిలో ఒకరూ ఒకే వీధిలో, గోడకు ఇటూ అటూ ఉంటారు. ఆ రెండు ఇళ్ళకూ వెళ్ళేది మాలాంటివాళ్ళమే.

పెద్దవాళ్ళ చేత ఇలాంటి పని అయ్యేదేనా అన్న అనుమానం మీకు వస్తే, జింబాబ్వేలో జరిగినది తెప్పించుకుని చూడండి. 2006లో హరారేలో డిక్సన్ చిబాండా అనే మానసిక వైద్యుడు, డాక్టర్లు చాలనప్పుడు, 14 మంది అమ్మమ్మలకు శిక్షణ ఇచ్చి క్లినిక్‌ల బయట బెంచీల మీద కూర్చోబెట్టారు. మనసు బాగోలేక వచ్చినవాళ్ళతో వాళ్ళు మాట్లాడేవాళ్ళు, సమస్యను ముక్కలు చేసి ఒక్కోటి ఎలా దాటాలో కలిసి ఆలోచించేవాళ్ళు. 573 మందితో చేసిన అధ్యయనం 2016లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. మామూలు వైద్యం పొందినవాళ్ళ కంటే ఆ బెంచీ మీద కూర్చున్నవాళ్ళలో దిగులు లక్షణాలు ఆరు నెలల తర్వాత బాగా తక్కువగా ఉన్నాయి.

అలాగని దీనికి ఒక పథకం పేరు పెట్టి, ఇన్ని జంటలను కలపాలని మాకు టార్గెట్లు ఇవ్వొద్దు. చేతులు జోడించి అడుగుతున్నాను. స్నేహాన్ని మనం ఏర్పాటు చేయలేం. ఏర్పడిన స్నేహానికి అడ్డం రాకుండా ఉండగలం. మాకు ఒక్కో ఇంట్లో ఇంకాస్త సమయం ఇవ్వండి. పక్క ఇంటి ఆవిడను పలకరించి, ఈ అమ్మాయి సంగతి ఆమెకూ, ఆమె సంగతి ఈ అమ్మాయికీ, ఇద్దరికీ ఇష్టమైతేనే, చెప్పే వీలు ఇవ్వండి. బాలింత దిగులుకీ, నెలలు గడిచినా మనిషిని కదలనివ్వని దుఃఖానికీ వైద్యం కావాలి, ఆ వైద్యం డాక్టర్లే చేయాలి. పక్కింటి పెద్దావిడను డాక్టరు బదులు వాడుకోమని నేను అనడం లేదు.

ఉత్తర్వులో మాత్రం కొన్ని సంగతులు స్పష్టంగా రాయించండి. మొదటి చెకప్ రోజునే అమ్మాయిని ఒంటరిగా కూర్చోబెట్టి, వెంట వచ్చినవాళ్ళను బయట ఉంచి, "కాన్పప్పుడు నీ పక్కన ఎవరు కావాలి?" అని అడగాలి. ఒంటరిగా అడగడం ముఖ్యం. కొట్టే భర్తో, తిట్టే అత్తో పక్కన నిలబడి ఉంటే ఆమె నోటి నుంచి నిజమైన పేరు రాదు. ఆ పేరు కార్డు మీద రాయాలి, మనసు మారితే మార్చుకోనివ్వాలి. రాత్రి ఏ వేళకు వచ్చినా గేటు దగ్గర ఆ కార్డు చాలాలి. అమ్మాయి సరే అంటే, ఆమె పరిస్థితి ఎలా ఉందో ఆ మనిషికి చెప్పాలి. కాన్పు గదుల్లో మంచానికీ మంచానికీ మధ్య తెరలు లేకపోవడం వల్లే తోడు వచ్చినవాళ్ళను వద్దంటున్నామని సిబ్బంది చెబుతారు, అది నిజమైన ఇబ్బందే. పక్క మంచం మీద ఉన్న స్త్రీకీ పరువు ఉంటుంది కదా. తెరలకూ, ఒక్కో మంచం పక్కన ఒక్కో స్టూలుకూ డబ్బు మంజూరు చేయండి. తెరలు వచ్చేదాకా ఉత్తర్వును మాత్రం ఆపొద్దు.

పెద్దావిడ మళ్ళీ అల్లుతోంది. ఎండిపోయిన వెదురులో పనికొచ్చినంత పనికొచ్చింది, మిగిలింది పక్కన పెట్టేసింది. భర్త గురించి ఏడవడం మానలేదు, మానాలని నేనూ అనుకోవడం లేదు. అమ్మాయి చదువు ఆగిపోయిన చోటి నుంచి మొదలుపెట్టాలని చూస్తోంది. దాని గురించి విద్యాశాఖ మంత్రి గారికి వేరే ఉత్తరం రాస్తాను.

ప్రస్తుతం నేను చూస్తున్న గర్భిణుల్లో ఇంకో ఇద్దరు టీనేజ్ అమ్మాయిలు ఉన్నారు. పక్కన ఎవరు కావాలని వాళ్ళను ఒంటరిగా అడిగాను. ఒకరు తన పాత టీచరమ్మ పేరు చెప్పింది, ఇంకొకరు స్నేహితురాలి నాయనమ్మ పేరు చెప్పింది. ఇద్దరూ బంధువులు కారు. కాన్పులు దగ్గరపడ్డాయి. ఆ రెండు పేర్లూ కార్డుల మీద రాసి సంతకం పెట్టాను. గేటు దగ్గర ఆ సంతకం చెల్లాలంటే మీ ఉత్తర్వు కావాలి.

ఇట్లు,
మీ శాఖలో పనిచేస్తున్న ఒక నర్సు