ఉరీ కాదు, రద్దూ కాదు

సంపాదకులకు,

మొన్న ఆదివారం మీ పత్రికలో అమెరికా మరణశిక్షపై వచ్చిన వ్యాసం చదివాను. నేను రిటైరయ్యాక ఎల్‌ఎల్‌బీలో చేరినవాణ్ని. ఈ సెమిస్టర్‌లో రాస్తున్న వ్యాసం కూడా దీని మీదే కావడంతో రెండు తప్పులు కంట్లో నలుసుల్లా తగిలాయి.

మొదటిది చిన్నదే. వ్యాసమంతా ‘ఉరిశిక్ష’ అని రాశారు. అక్కడ ఇప్పుడు ఎక్కువగా వాడేది విషపు ఇంజెక్షన్. 2024లో అలబామా నైట్రోజన్ వాయువుతో శిక్ష అమలు చేసింది. అలవాటైన మాట కదా, కలం జారుతుంది. నా నోట్సులోనూ రెండుచోట్ల కొట్టేసి దిద్దుకున్నాను.

రెండోది అలా వదిలేసేది కాదు. సుప్రీంకోర్టు 1972లో మరణశిక్షను రద్దు చేసి, 1976లో మనసు మార్చుకుందని రాశారు. ఆ 1972 తీర్పు, ఫర్మన్ వర్సెస్ జార్జియా, రెండు వందల పైచిలుకు పేజీలు. కళ్లు లాగుతున్నా మొత్తం చదివాను. తొమ్మిది మంది జడ్జీలు తొమ్మిది అభిప్రాయాలు రాశారు. అసలు ఆ శిక్షే రాజ్యాంగ విరుద్ధమన్నది బ్రెన్నన్, మార్షల్ ఇద్దరే. అప్పుడు పడ్డ శిక్షలు చెల్లవనడంలో వాళ్లతో కలిసిన మిగతా ముగ్గురి అభ్యంతరం శిక్ష వేస్తున్న తీరు మీద. అంతే ఘోరమైన నేరాలు చేసినవాళ్లు ఎందరో ఉండగా ఏ కొద్దిమందికో పడే ఆ శిక్షను ఆ ముగ్గురిలో ఒకరైన స్టివర్ట్ పిడుగుపాటుతో పోల్చారు. దాంతో రాష్ట్రాలు కొత్త చట్టాలు తెచ్చాయి. జార్జియా అయితే నేరం రుజువు కావడం ఒక విచారణ, ఏ శిక్ష వేయాలన్నది మరో విచారణ అని విడదీసింది. 1976లో గ్రెగ్ కేసులో కోర్టు ఒప్పుకున్నది ఆ పద్ధతిని. పిడుగు మాట అన్న స్టివర్ట్ కూడా ఒప్పుకున్నారు.

మనసు మార్చుకున్నవాళ్ల గురించే రాయాలనుకుంటే ఆ తొమ్మిది మందిలోనే పావెల్, బ్లాక్‌మన్ ఉన్నారు. 1972లో ఇద్దరూ శిక్ష ఉండొచ్చన్న పక్షమే. జార్జియాలో హతులు తెల్లవాళ్లయితే మరణశిక్ష పడే అవకాశం బాగా ఎక్కువని లెక్కలతో సహా 1987లో మెక్‌క్లెస్కీ అనే ఖైదీ కేసులో అతని లాయర్లు చూపించారు. అది చాలదని కోర్టు 5-4తో కొట్టేసింది. ఆ తీర్పు రాసింది పావెల్. ఆ ఏడాదే రిటైరయ్యారు. తర్వాత ఎప్పుడో, ఏ కేసులో ఓటు మార్చుకుంటారని అడిగితే దీని పేరే చెప్పారు. అప్పటికి ఆయనకు ఓటెక్కడిది? మెక్‌క్లెస్కీకి 1991లో శిక్ష అమలైంది. బ్లాక్‌మన్ కాస్త నయం. ఈ చావు యంత్రానికి ఇక మరమ్మతులు చేయనని 1994లో, ఇంకా కుర్చీలో ఉండగానే రాశారు. ఆయన కూడా ఆ ఏడాదే దిగిపోయారనుకోండి.

1972 తీర్పు గురించి సవరణ వేయమని నా మనవి. ‘ఉరి’ సంగతి మీ ఇష్టం.

— మీ పాత పాఠకుడు