‘డైసీ’ అంటే ముత్యం కాదు

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం అనుబంధంలో పిల్లల పేర్లకు అర్థాలు ఇస్తూ ‘డైసీ’ ఎదురుగా ‘ముత్యం’ అని వేశారు. ఆ అర్థం మార్గరెట్ అనే పేరుది. ముత్యానికి గ్రీకులో ఉన్న మాట లాటిన్ మీదుగా వచ్చి ఆ పేరైంది. ఫ్రెంచివారు డైసీ పువ్వును ‘మార్గరీట్’ అంటారు కాబట్టి, ఇంగ్లండులో మార్గరెట్ అనే ఆడపిల్లలను ముద్దుగా డైసీ అని పిలవడం అలవాటైంది. ఆడపిల్లలకు పువ్వుల పేర్లు పెట్టడం 19వ శతాబ్దం చివర అక్కడ బాగా పెరిగాక అది విడిగా పేరుగానూ స్థిరపడింది. ముద్దుపేరు వెంట ముత్యం కూడా వచ్చి జాబితాల్లో చేరిపోయింది.

డైసీకి అసలు అర్థం ‘పగటి కన్ను’. పాత ఇంగ్లీషులో పగలు, కన్ను అనే రెండు మాటలు కలిసిన సమాసం అది. పలికి పలికి అరిగి ఈ రూపానికి వచ్చింది. ఇంగ్లీషువారు ‘డేజీ’ అని పలుకుతారు, మనం ‘డైసీ’ అని రాసుకోవడంతో అందులోని ‘డే’ మన చెవికి అందకుండా పోయింది. ఐరోపా పచ్చిక బయళ్లలో జానెడు ఎత్తు కూడా పెరగని ఆ పువ్వుకు చుట్టూ తెల్లని రేకులు, నడుమ పసుపు బొట్టు ఉంటాయి. పొద్దెక్కాక రేకులు విప్పి, పొద్దుగూకే వేళ వాటిని పైకి ముడిచి, కన్ను మీద రెప్ప వాల్చినట్టు ఆ పసుపును కప్పుకుంటుంది. సూర్యుణ్ణి పద్మబాంధవుడని పిలుచుకున్న మనకు ఆ పేరు పెట్టినవారి చూపు పరాయిదేమీ కాదు.

పువ్వు కూడా పరాయిది కాదు. మన బంతి, చేమంతి, డైసీ ఒకే కుటుంబానికి చెందినవి. కళాశాలలో వృక్షశాస్త్రం చెప్పిన రోజుల్లో, పలమనేరు వైపు నుంచి చిత్తూరు అంగళ్లకు వచ్చే చేమంతినే ఈ పాఠానికి తీసుకెళ్లేదాన్ని. ఒక్కో రేకునూ మొదలంటా తుంచి, అడుగున పోగులా నిలిచిన కీలాన్ని, అంటే పువ్వులోని ఆడభాగపు కాడను చూపిస్తే, మనం ఒక పువ్వనుకునేది ఎన్నో చిరుపువ్వుల గుత్తి అని పిల్లలకు అప్పుడు తెలిసేది. డైసీ కూడా అంతే.

మా అమ్మ పేరు డైసీ. బాప్తిస్మం నాడు పెట్టిన ఆ పేరుకు అర్థం లేదని ఇరుగుపొరుగు అంటే, ‘ఏదో దొరల పువ్వంట’ అని ఊరుకునేది. నేను కళాశాల గ్రంథాలయంలో నిఘంటువు తిరగేసి అర్థం తెలుసుకుని వచ్చి చెప్పినప్పుడు, కనకాంబరాలు కడుతున్న చేయి ఆపి, ‘అయితే రేత్రికి అది గూడా నిద్రపోతాదా?’ అని అడిగింది. ఆ తరువాత అర్థం అడిగిన ప్రతివారికీ తనే చెప్పేది.

మా వీధిలో ఈ నెలలోనే ఒక పాపకు ఆ పేరు పెట్టారు. మీరిచ్చిన జాబితాను ఆ పాప తండ్రి కత్తిరించి ఫోటోల ఆల్బంలో దాచుకున్నారు. వచ్చే ఆదివారం సవరణ వేసి, ‘డైసీ’ ఎదురుగా ‘పగటి కన్ను’ అని ప్రచురించవలసిందిగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
చిత్తూరు.