పదో తరగతి లెక్కల గ్రూపు సభ్యులకు

మిత్రులారా, నిన్న ఒక అమ్మాయి ఊర్ధ్వ కోణం (కింది నుంచి పైకి చూసే కోణం) లెక్క అడగగానే వరుసగా జవాబుల ఫొటోలు వచ్చాయి. సైన్ వదిలి టాన్ ఎందుకు వాడాలన్నది ఆ అమ్మాయి సందేహం. దానికి ఎవరూ సమాధానం చెప్పలేదు.

ఆ లెక్కలో స్తంభం పాదానికి 30 మీటర్ల దూరం నుంచి చూస్తే పైకొన 60 డిగ్రీల కోణంలో కనిపిస్తోంది. నేల మీది దూరం కోణాన్ని ఆనుకున్న ఆసన్న భుజం, ఎత్తు కోణానికి ఎదుటి భుజం. ఎదుటి భుజాన్ని ఆసన్న భుజంతో భాగిస్తే వచ్చేదే టాన్. టాన్ 60 విలువ రూట్ 3 కాబట్టి ఎత్తు 30 రూట్ 3, అంటే సుమారు 52 మీటర్లు. గాలిపటం దారం పొడవు ఇచ్చి ఎత్తు అడిగితే, ఆ దారం కర్ణం, అంటే లంబకోణానికి ఎదురుగా ఉండే భుజం అవుతుంది. అక్కడ ఎదుటి భుజాన్ని కర్ణంతో భాగిస్తే వచ్చే సైన్ కావాలి. బొమ్మ గీస్తే ఇదంతా కంటికి కనిపిస్తుంది.

అందుకే ఇకపై ఎక్కడ ఆగిపోయారో రాసి, బొమ్మతో సహా పంపండి. చెప్పేవాళ్లు ఒక్క మెట్టు చెప్పి ఆగండి. తర్వాతి మెట్టు అడిగినవాళ్లే వేయాలి. అప్పుడు వాళ్లకు కలిగే ధైర్యం నాకు చాలా ముఖ్యం.

తుమ్మలపెంట వాళ్లకు పెద్దవాళ్లు ఇంటికి వచ్చాకే ఫోను దొరుకుతుంది, దయచేసి తొందరపెట్టకండి.

ఆదివారం కావలిలో కటకాల (లెన్సుల) లెక్కలు చేద్దాం. వస్తుదూరానికి (కటకం నుంచి వస్తువుకు ఉన్న దూరానికి) రుణ గుర్తు పెట్టడం చాలామంది మరచిపోతున్నారు, అక్కడే మొదలుపెడదాం. బిట్రగుంట నుంచి రైలులో వచ్చేవాళ్లు చేరాకే ప్రారంభం. స్కేలు, పెన్సిలు తెచ్చుకోండి.