గెలిచిన నెలకే ఆల్బమ్ ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం.

టీవీ పాటల పోటీల్లో గెలిచినవాళ్లు ఏమైపోతున్నారని సినిమా పేజీల్లో అడపాదడపా వ్యాసాలు వస్తూనే ఉన్నాయి. జడ్జీల పక్షపాతం, ఎస్సెమ్మెస్ ఓట్లు, అదృష్టం అంటూ కారణాలు చాలానే చెబుతున్నారు. ఫైనల్ మర్నాటి నుంచి మొదటి ఆల్బమ్ బయటికొచ్చే దాకా స్టూడియోలో ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ పట్టించుకోరు. చాలామంది విజేతల సంగతి తేలిపోయేది అక్కడే.

ఇండియన్ ఐడల్ మొదటి సీజన్‌నే చూడండి. 2005 మార్చి 5న ఫైనల్. అభిజీత్ సావంత్ గెలిచాడు. ‘ఆప్‌కా అభిజీత్ సావంత్’ ఆల్బమ్‌ని సోనీ బీఎంజీ అనే మ్యూజిక్ కంపెనీ ఏప్రిల్లోనే మార్కెట్లోకి దించేసింది. ‘మొహబ్బతే లుటావూంగా’ అప్పట్లో మోగిపోయింది, కాదనను. కానీ ఒక్కసారి లెక్క వేయండి. కొత్త బాణీ కట్టి, డమ్మీ మాటలతో పాడి చూసుకుని, సాహిత్యం రాయించడానికి పాటకి తక్కువలో తక్కువ వారం. కీబోర్డు ప్రోగ్రామింగ్‌కి మూడు నాలుగు రోజులు. గిటారు, తబలా, వేణువు లైవ్‌లో తీయాలంటే ఇంకో రెండు కాల్షీట్లు. గొంతుకి ఒక పూట, టేకుల్లో మంచి ముక్కలు ఏరి అతకడానికి ఇంకో పూట. వాద్యాల్నీ గొంతునీ సమపాళ్లలో కలిపే మిక్సింగ్ రెండు రోజులు. ఎనిమిది పాటల్ని నలుగురు సంగీత దర్శకులకి పంచి ఒకేసారి మొదలుపెట్టించినా, ఆపైన మాస్టరింగ్ (విడుదలకి ముందు చివరి మెరుగు) ఉంది, వీడియో షూటింగ్ ఉంది, క్యాసెట్లూ సీడీలూ అచ్చయి ఊరూరికీ చేరడం ఉంది. నెలలో ఇవన్నీ తెమలాలంటే బాణీలు ముందే సిద్ధంగా ఉండాలి, అదీ ఎవరు గెలిచినా సరిపోయేలా. రెడీమేడ్ చొక్కా ఎవరికైనా పడుతుంది గానీ భుజాల దగ్గర తేడా తెలిసిపోతుంది.

అమెరికా వాళ్లు ఈ పనిని రెండుగా విడగొట్టారు. 2002 సెప్టెంబరు 4న అమెరికన్ ఐడల్ తొలి టైటిల్ కెల్లీ క్లార్క్‌సన్‌కి దక్కింది. వేడి చల్లారకముందే, రెండు వారాల లోపే, ‘ఎ మొమెంట్ లైక్ దిస్’ అనే సింగిల్‌ని, అంటే ఒక్క పాటనే, వదిలారు. అది అమెరికా హిట్ పాటల పట్టిక బిల్‌బోర్డ్ హాట్ 100లో 52వ స్థానం నుంచి ఒక్క గెంతులో మొదటి స్థానానికి చేరి, 1964 నుంచి బీటిల్స్ బృందం పేరున ఉన్న, 27 నుంచి 1కి గెంతిన రికార్డును చెరిపేసింది. ఫైనల్‌కి చేరిన ఇద్దరూ అక్కడ పాడిన పాటే అది. అంటే అదీ రెడీమేడే. ఆల్బమ్ ‘థ్యాంక్‌ఫుల్’ మాత్రం 2003 ఏప్రిల్ 15న గానీ రాలేదు. మధ్యలో ఏడు నెలలు. అందులోని ‘మిస్ ఇండిపెండెంట్’ మరో పాప్ గాయని క్రిస్టినా అగిలేరా మొదలుపెట్టి సగంలో వదిలేసిన పాట. కెల్లీ స్వయంగా రాతలో చెయ్యి వేసి పూర్తి చేసుకుంది. మొదటి వారమే 2,97,000 కాపీలు అమ్ముడై ఆల్బమ్ మొదటి స్థానంలో కూర్చుంది. బ్రిటన్‌లో 2006 డిసెంబరులో ఎక్స్ ఫ్యాక్టర్ గెలిచిన లియోనా లూయిస్‌కీ ఇదే పద్ధతి. తమాషా ఏమిటంటే ఆమె తొలి సింగిల్ కూడా అదే ‘ఎ మొమెంట్ లైక్ దిస్’. ఆల్బమ్ ‘స్పిరిట్’ 2007 నవంబరులో వచ్చింది, మొదటి వారం అక్కడ 3,75,000 దాటింది. వాళ్ల దగ్గర డబ్బుంది కాబట్టి ఆగగలిగారు అంటారా, నిజమే. ఆగినంత మాత్రాన హిట్ పుట్టదు, అదీ నిజమే. కానీ ఆ నెలల్లో చేసే పనులు కొన్ని ఉన్నాయి. వాటిని ఎగ్గొడితే వినేవాడి చెవికి దొరికిపోతాం.

మొదటిది శ్రుతి. పోటీలో చాలాసార్లు అసలు గాయకుడి శ్రుతిలోనే పాడి మెప్పించాలి, అది పరీక్ష. ఆల్బమ్‌లో ఆ బాధ లేదు. అయినా వాద్యాల ట్రాక్ ముందే ప్రోగ్రామ్ అయిపోయి ఉంటే గొంతునే దానికి తగ్గట్టు లాగుతారు. సరైన పద్ధతేమిటంటే, ఉత్త హార్మోనియం మీదో కీబోర్డు మీదో పల్లవిని మూడు శ్రుతుల్లో పాడించి, ఫోన్లో రికార్డు చేసి, మర్నాడు వినాలి. గాయని అందుకోగల పై అంచుకి ఒకటి రెండు మెట్లు కిందనే పల్లవిలోని పై స్వరం ఆగాలి. అంచు మీదే పెడితే రికార్డింగ్ రోజు ఎలాగో పాడేస్తుంది, వేదిక మీద నాలుగో పాటకి గొంతు చీలిపోతుంది. ట్రాక్ అయిపోయాక కంప్యూటర్లో శ్రుతి దించుకోవచ్చు కదా అంటారు. అరమెట్టు వరకు నడుస్తుంది. అంతకు మించి దించితే డ్రమ్స్ డొల్లగా మోగుతాయి, గిటారు తీగకి నిగ్గు పోతుంది.

రెండోది మాట. పై స్వరం మీద ‘ఈ’కారం పడితే గొంతు నొక్కుకుపోతుంది. ‘నీ’, ‘కీ’, ‘చెలీ’ లాంటివి పల్లవి శిఖరం మీద పెట్టి, గాయని అరుస్తోందని తప్పంతా ఆమె మీదికే నెడతారు. అక్కడ ‘రా’, ‘నువ్వా’, ‘పో’ లాంటిది పడితే నోరు తెరుచుకుంటుంది, స్వరం నిలుస్తుంది. మన మాటలు దాదాపు అన్నీ అచ్చుతోనే ముగుస్తాయి కాబట్టి తెలుగు కవికి ఇది పెద్ద కష్టమేమీ కాదు. ఎటొచ్చీ గాయని పాడుతుండగా ఆయన ఒక పూట పక్కన కూర్చోవాలి. ఈమధ్య సాహిత్యం వాట్సాప్‌లో వస్తోంది, పాడేవాళ్ల మొహం రాసేవాళ్లు చూడటం లేదు.

మూడోది, అన్నిటికంటే కష్టమైనది, పోటీ అలవాట్లు వదిలించడం. షోలో పాట కుదించి ఉంటుంది. ఉన్న కాసేపట్లోనే విద్యంతా చూపించాలి కాబట్టి ప్రతి పాదానికీ ఒక సంగతి (బాణీని కాస్త మార్చి పాడే మెలిక), ప్రతి ముగింపుకీ ఒక బిర్గా (వేగంగా దొర్లించే స్వరాల వరస) పడుతుంది. జడ్జీలు లేచి నిలబడేది వాటికే. స్టూడియోలో చిన్న చప్పుడునీ పట్టే కండెన్సర్ మైకు ఆరు నుంచి ఎనిమిది అంగుళాల దూరంలో, ఊపిరి దెబ్బని ఆపే పాప్ ఫిల్టర్ అనే తెర వెనక ఉంటుంది. ఊపిరి, పెదవి తడి, ‘ప’, ‘బ’ల దెబ్బ, ‘స’, ‘ష’ల బుస అన్నీ పట్టేస్తుంది. షోలో చేతి మైకుని పెదాలకి ఆనించి పాడినవాళ్లు ఇక్కడా అలాగే మీదికి వస్తారు. దానివల్ల రికార్డింగ్‌లో గొంతు బేస్ (బొంగురు ధ్వని) పెరిగిపోయి పదాలు మసకబారతాయి. బాణీని మొదటిసారి నిఖార్సుగా, సంగతులు లేకుండా పాడించాలి. రెండోసారి పల్లవి వచ్చినప్పుడు ఒకటి, చివర్లో ఇంకొకటి చాలు. మూడు నుంచి ఐదు పూర్తి టేకులు తీసుకుని ఆపాలి. ఆరో టేకు నుంచి శ్రుతి మెరుగైనా ప్రాణం తగ్గుతుంది. మిగిలిన చిన్నచిన్న జారుళ్లని మెలొడైన్ అనే శ్రుతి సరిచేసే సాఫ్ట్‌వేర్‌లో సరిచేసుకోవచ్చు. గమకం కూడా జారుడే అనుకుని సాఫ్ట్‌వేర్ దాన్ని చదును చేయకుండా కాపలా కాయాల్సింది ఇంజినీరే.

ఇప్పుడు క్యాసెట్లు లేవు కాబట్టి ఇంకా తొందరగా తేవచ్చనుకుంటారు. స్పాటిఫైలో పాట 30 సెకన్లు వింటేనే ఒక ప్లే కింద లెక్క. 40 సెకన్ల వయొలిన్ల తర్వాత గొంతు మొదలయ్యే పాత పద్ధతి అక్కడ పనిచేయదు. పైగా స్పాటిఫై అన్ని పాటల శబ్దాన్నీ మైనస్ 14 లఫ్స్‌కి (లఫ్స్ అంటే శబ్దం ఎంత గట్టిగా వినిపిస్తుందో కొలిచే కొలత) సర్దుతుంది, గట్టిగా మోగాలని మాస్టరింగ్‌లో నలిపేసిన పాట వెనక్కి తగ్గి చప్పగా వినిపిస్తుంది. ప్లేలిస్టులో చోటు కోసం విడుదలకి కనీసం వారం ముందు పాటని వాళ్లకి పంపాలి. శుక్రవారం విడుదల పెట్టుకుని గురువారం రాత్రి దాకా మిక్స్ చేసుకునేవాళ్లకి ఆ అవకాశం ఎలాగూ ఉండదు.

మన దగ్గరి సంగతి. ఇండియన్ ఐడల్‌లో 2006లో కారుణ్య రెండో స్థానం దాకా వెళ్లాడు, 2010లో శ్రీరామచంద్ర గెలిచాడు. ఆహాలో 2022లో తెలుగు ఇండియన్ ఐడల్ మొదలైతే దానికి యాంకర్ ఆ శ్రీరామచంద్రే. తొలి విజేత వాగ్దేవి. పాడుతా తీయగా 1996 నుంచి గాయకుల్ని తయారుచేస్తూనే ఉంది. ఇంతమంది ఉండీ వీళ్లందరికీ ఉన్న దారి సినిమా పాట ఒక్కటే, అందులోనూ చాలాసార్లు ట్రాక్ (తర్వాత వేరే గొంతుతో మార్చేసే నమూనా) పాడటంతో సరి. స్మిత ‘హాయ్ రబ్బా’ లాంటివి తప్పిస్తే తెలుగులో సొంత పాప్ ఆల్బమ్ అనే అలవాటే సరిగా పడలేదు.

కాబట్టి ఛానళ్లకి ఒక సూచన. సింగిల్ కావాలంటే ఫైనల్ వారంలోనే వదలండి, ఆల్బమ్‌కి ఆరు నెలలు ఇవ్వండి. ఆడిషన్‌లో సంతకం పెట్టించుకునే కాగితంలో మూడు సంగతులు స్పష్టంగా రాయండి: ఒప్పందం ఎన్నేళ్లు, ఎన్ని పాటలు, కంపెనీ విడుదల చేయకుండా మూలన పెట్టిన పాట ఎన్నాళ్లకి గాయకుడికి తిరిగొస్తుంది. 2012 కాపీరైట్ సవరణ తర్వాత గాయకులకి కూడా రాయల్టీలో హక్కుంది, అది 50 ఏళ్లు నడుస్తుంది. పాటలో నాలుగు పాదాలు సొంతంగా రాసుకుంటే రచయిత వాటా వేరే, దానికి రచయితలకీ సంగీత దర్శకులకీ రాయల్టీ వసూలు చేసిపెట్టే సంస్థ ఐపీఆర్ఎస్‌లో సభ్యత్వం తీసుకోవాలి. పంతొమ్మిదేళ్ల పిల్లకి ట్రోఫీ అందించే వేదిక మీద ఇవి చెప్పే మనిషి ఉండడు.

మీ పత్రికకీ ఒక మనవి. ఈసారి విజేతని ఇంటర్వ్యూ చేసినప్పుడు మీకు ఇష్టమైన హీరో ఎవరనే ప్రశ్న ఒకటి తగ్గించి, మీ పాటల శ్రుతి ఎవరు నిర్ణయిస్తున్నారు, ఒప్పందం కాపీ మీ చేతిలో ఉందా అని అడిగించండి. జవాబు ఏదైతే అది అచ్చు వేయండి.

– ఒక రికార్డింగ్ ఇంజినీరు, హైదరాబాద్