ధర వేశారు, కొలతలు వేయలేదు

సంపాదకులకు నమస్కారం.

వేసవి సెలవులకు ముందు మీ ఆదివారం పేజీలో గేమింగ్ కంప్యూటర్ అసెంబుల్ చేసుకోవడం గురించి పెద్ద కథనం వేశారు. ప్రాసెసర్ ఏది మంచిది, ర్యామ్ ఎంత ఉండాలి, గ్రాఫిక్స్ కార్డు ధరెంత, అన్నీ ఉన్నాయి. ఏ ఒక్క వస్తువు పక్కనా దాని పొడవు, మందం, ఎత్తు లేవు. మా చిన్నమ్మాయి ఆ పేజీ కత్తిరించి దాచుకుంది. అది చేత పట్టుకునే మేమిద్దరం దుకాణాలు తిరిగాం. మాకు జరిగింది మీ పాఠకుల్లో ఇంకెవరికీ జరగకూడదని ఈ ఉత్తరం.

నేను బాలానగర్‌లో ఒక టూల్‌రూమ్‌లో 31 ఏళ్లు ఫిట్టర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మూసాపేటలో రెండు గదుల ఇల్లు. అమ్మాయి వరంగల్‌లో ఇంజినీరింగ్ మూడో ఏడాది, హాస్టల్‌లో ఉంటుంది. నెలకు రెండుసార్లు కాజీపేటలో రైలెక్కి ఇంటికొస్తుంది. రెండేళ్లు పదో తరగతి పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్పి డబ్బు కూడబెట్టుకుంది. కారు రేసుల ఆటంటే తనకు ప్రాణం. త్రీడీలో బొమ్మలు చేయడం కూడా నేర్చుకుంటోంది. ఆడపిల్లకు ఆటల కంప్యూటరేమిటని బంధువుల్లో ఒకరిద్దరు అన్నారు. తన కష్టార్జితం, తనిష్టం అని చెప్పాను.

హాస్టల్‌కు, ఇంటికి మోసుకుని తిరిగేలా ఉండాలన్నది తన పట్టుదల. మామూలు క్యాబినెట్, అంటే భాగాలన్నీ బిగించే పెట్టె, 40, 45 లీటర్లుంటుంది. మనిళ్లకు వచ్చే మంచినీళ్ల క్యాను 20 లీటర్లు. అమ్మాయి ఎంచుకున్న క్యాబినెట్ 330 పొడవు, 215 ఎత్తు, 140 వెడల్పు, అన్నీ మిల్లీమీటర్లే. గుణిస్తే 10 లీటర్లకు కొద్దిగా తక్కువ. సగం నీళ్ల క్యానులో గేమింగ్ కంప్యూటర్ పట్టాలన్నమాట.

పడుతుంది. ప్రాసెసర్, ర్యామ్ బిగించే మదర్‌బోర్డుల్లో మినీ ఐటీఎక్స్ అనే చిన్న బోర్డు ఉంది. తైవాన్ కంపెనీ వయా 2001లో తెచ్చిన కొలత అది, 170కి 170 మిల్లీమీటర్లు. పెద్ద ఏటీఎక్స్ బోర్డయితే 305కి 244. కరెంటిచ్చే ఎస్‌ఎంపీఎస్‌లో కూడా ఎస్‌ఎఫ్ఎక్స్ అని చిన్న రకముంది, 125కి 100కి 63.5. బోర్డును ఒక పక్క, గ్రాఫిక్స్ కార్డును రెండో పక్క, వీపులు కలిపి కూర్చోబెట్టినట్టు బిగిస్తారు. రెంటినీ రైజర్ అనే బల్లపరుపు కేబుల్ కలుపుతుంది. కార్డు ఫ్యాన్లు పక్క రేకు చిల్లుల్లోంచి నేరుగా బయటి గాలి పీల్చుకుంటాయి. ఆ డ్రాయింగ్ చూసినప్పుడు నాకు మళ్లీ డ్యూటీలో చేరినంత సంతోషమైంది. అందులో అంగుళం కూడా ఊరికే పోలేదు.

ఊరికే పోకపోవడమంటే తప్పుకు చోటు లేకపోవడం కూడా. పెద్ద డబ్బాలో కార్డు పది మిల్లీమీటర్లు మందంగా ఉన్నా ఎవరూ పట్టించుకోరు. ఇక్కడ ఒక్క మిల్లీమీటరు ఎక్కువైనా మూత పడదు.

ప్రాసెసర్ రైజెన్ 5 7600, గ్రాఫిక్స్ ఆర్టీఎక్స్ 4060. మొదటిది 65 వాట్ల రకం, రెండోది 115 వాట్లు. చిన్న పెట్టెలో వేడి పెరగకూడదు కనుక ఇవే సరైనవని అమ్మాయి నెల రోజులు చదివి తేల్చింది. ఒకే గ్రాఫిక్స్ చిప్పు కొని చాలా కంపెనీలు కార్డులు చేస్తాయి. చిప్పు అదే, మీద బిగించే హీట్‌సింకులు (వేడి లాగే లోహపు రెక్కలు), ఫ్యాన్లు వేరు. అందుకని పేరు ఒకటే ఉన్నా ఒక కార్డు మందం 40 ఉంటే ఇంకొకటి 50 ఉంటుంది. మా క్యాబినెట్‌లో కార్డుకున్న చోటు 42.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంతా తిరిగాం. అక్కడొక పెద్దాయన మేం అడగ్గానే సొరుగులోంచి స్టీలు స్కేలు తీసి ప్రాసెసర్ కూలర్ ఎత్తు కొలిచి చూపించాడు. 47 మిల్లీమీటర్లు. మా హద్దు 53. వెంటనే కొన్నాం. ఆయన దగ్గర మాకు కావలసిన కార్డు లేదు. దాన్ని నగరంలోనే ఇంకో చోట కొన్నాం.

అక్కడ కౌంటర్‌లో ఉన్న కుర్రాణ్ని మందం ఎంత బాబూ అని అడిగాను. "టూ స్లాటే అంకుల్, పడ్తది" అన్నాడు. మిల్లీమీటర్లలో చెప్పమన్నాను. "అట్ల ఎవరూ అడగరంకుల్, అందరూ జీబీ అడుగుతరు" అని అట్టపెట్టె మీది బొమ్మ చూపించాడు. స్లాటంటే కార్డు పట్టీ బిగించడానికి క్యాబినెట్ వెనక ఉండే గాడి. బొమ్మలో కార్డు చివరి ఇనుప పట్టీకి రెండు స్లాట్లే ఉన్నాయి. ఒక స్లాటుకూ ఇంకో స్లాటుకూ దూరం 20.32 మిల్లీమీటర్లు, రెండంటే 40.64. సరిపోతుందనుకుని డబ్బు కట్టాం.

ఇంటికొచ్చి బిగిస్తే మూత పడలేదు. వెర్నియర్ పెట్టి కొలిచాను. 49.6. పట్టీ రెండు స్లాట్లదే, దాని వెనక ఫ్యాన్లు, హీట్‌సింకు రెండున్నర స్లాట్ల దాకా పొంగి ఉన్నాయి. అమ్మాయి ఏమీ అనలేదు. కార్డు తీసి, అట్టపెట్టెలో పెట్టి, ఆ రాత్రి తిండి మానేసింది.

మర్నాడు తీసుకెళితే "సీలు తీసేశారు కదా" అన్నారు. నిజమే, తీశాం. సీలు తీయకుండా కొలవలేం, కొలిచాక వాపసు ఇవ్వలేం. పెట్టె మీదేమో కొలత లేదు. ఇక కొనేవాడు ఏం చేయాలి? వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదివ్వమని నాతో పనిచేసినవాళ్లు అన్నారు. నేను చేయలేదు. ఆ కుర్రాడు మమ్మల్ని మోసం చేయలేదు. అతని దగ్గర ఆ అంకె లేదు, అతనికి ఎవరూ ఇవ్వలేదు.

చివరికి బాలానగర్‌లో పాత స్నేహితుడి లేత్ షాపుకు వెళ్లాను. ఆరు మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీ నుంచి ఎనిమిదేసి మిల్లీమీటర్ల ముక్కలు నాలుగు కోసి, మధ్యలో 3.2 డ్రిల్లు వేసి, అంచుల పెచ్చులు ఆకురాయితో తీశాను. వాటిని పక్క రేకు నాలుగు మూలలా పెట్టి పొడుగు స్క్రూలతో బిగించాం. రేకు ఎనిమిది మిల్లీమీటర్లు బయటికి జరిగింది, కార్డు పట్టింది. చుట్టూ వచ్చిన సందుకు దుమ్ము పోకుండా కిటికీకి కొట్టే దోమల జాలి కత్తిరించి పెట్టాం. పెట్టె వెడల్పు 148 అయింది, పది లీటర్ల లోపుండాల్సింది పదిన్నర అయింది. ఆ అర లీటరుకు అమ్మాయి ఇప్పటికీ బాధపడుతుంది. నాకూ బాధే. మా ఇంట్లో ఫిట్టర్ ఉన్నాడు, ఫిట్టర్‌కు లేత్ ఉన్న స్నేహితుడున్నాడు కాబట్టి గడిచింది. లేనివాళ్లు రెండు మూడు వేలు నష్టపోయి ఇంకెవరికో అమ్ముకోవాలి.

స్క్రూల సంగతి కూడా చెప్పాలి. కంప్యూటర్‌లో రెండు రకాల మరలు కలిసి ఉంటాయి. ఎం3 మెట్రిక్‌ది, పిచ్ (చుట్టుకూ చుట్టుకూ దూరం) అర మిల్లీమీటరు. 6-32 అంగుళాలది, అంగుళానికి 32 చుట్లు. చూపుకు అన్నదమ్ముల్లా ఉంటాయి. ఒకదాని చోట ఇంకొకటి బలవంతంగా తిప్పితే పల్చటి అల్యూమినియంలో మర అక్కడికక్కడే పోతుంది. రాణిగంజ్‌లో పొడుగు ఎం3 స్క్రూలు కొన్నప్పుడు రెండు సీసా మూతలు తెచ్చి ఒక్కో రకాన్ని ఒక్కో మూతలో పోయించాను. ఇది కూడా ఏ కథనంలోనూ కనపడదు.

బిగించాక మొదట తెర నల్లగా ఉండిపోయింది. కార్డుకూ బోర్డుకూ మధ్య డేటా నడిచే పీసీఐఈ అనే దారికి తరాలుంటాయి, తరం పెరిగితే వేగం పెరుగుతుంది. కార్డు నాలుగో తరం, రైజర్ కేబుల్ మూడో తరం. బోర్డు నాలుగో తరం వేగంతో మాట్లాడబోతే ఆ కేబుల్‌లో సిగ్నల్ నిలవదు. ఈ ప్రాసెసర్‌లోనే చిన్న గ్రాఫిక్స్ ఉంది కనుక అమ్మాయి మానిటర్‌ను బోర్డుకు తగిలించి, బయోస్‌లోకి (బోర్డు సెట్టింగులు మార్చే చోటుకు) వెళ్లి మూడో తరం అని మార్చింది. వెంటనే తెర మీద బొమ్మ వచ్చింది.

ఇక వేడి. మే నెలలో మా ఇంట్లో మధ్యాహ్నం ఎలా ఉంటుందో మూసాపేట డాబా ఇళ్లవాళ్లకు చెప్పక్కర్లేదు. ఆట మొదలుపెట్టిన పావుగంటకు ప్రాసెసర్ 95 డిగ్రీలు తాకింది. దానికి కంపెనీ ఇచ్చిన గరిష్ఠ హద్దే అది. చెయ్యి పెట్టి చూస్తే కారణం తెలిసింది. కూలర్ 47, చోటు 53, మధ్యలో ఆరు మిల్లీమీటర్ల ఖాళీ. ఫ్యాన్ బయటి చల్లగాలి వదిలేసి, ఆ ఖాళీలోంచి తాను ఊదిన వేడిగాలినే మళ్లీ పీల్చుకుంటోంది. ఆరు మిల్లీమీటర్ల స్పాంజిని ఫ్యాన్ చుట్టూ గుండ్రంగా కోసి అతికించాం. అమ్మాయి బయోస్‌లో ఓల్టేజీ కొంచెం తగ్గించింది. ఇప్పుడు అదే గదిలో, అదే ఆటలో 84 దాటడం లేదు. కార్డు దగ్గర ఎనిమిది మిల్లీమీటర్లు తక్కువై మూత పడలేదు, కూలర్ దగ్గర ఆరు ఎక్కువై వేడి పట్టుకుంది. ఈ కంప్యూటర్‌కు ప్రాసెసర్ ఎంత ముఖ్యమో కొలతా అంతే ముఖ్యం.

2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్‌లో, పరిమాణం ముఖ్యమైన సరుకైతే ఆ కొలతలు ప్యాకెట్ మీద వేయాలని ఉంది. దుప్పటి కొంటే పొడవు వెడల్పు రాసి ఉంటాయి. అంతకు ఎన్నో రెట్లు ధర పెట్టి కొనే గ్రాఫిక్స్ కార్డుకు మందం ముఖ్యం కాదా? ఆ నియమం దీనికి ఎలా వర్తిస్తుందో తూనికలు కొలతల శాఖవారు మీ పత్రిక ద్వారా స్పష్టంగా చెప్పాలని కోరుతున్నాను.

దుకాణదారులకు నా విన్నపం చిన్నది. కౌంటర్‌కు ఒక స్టీలు స్కేలు, ధరల పట్టికలో ఇంకో గడి. కార్డుకు పొడవు, మందం, కరెంటు వైరు వంపుతో కలిపి ఎత్తు. కూలర్‌కు ఎత్తు. ర్యామ్‌కు కూడా ఎత్తు, ఎందుకంటే మామూలు ర్యామ్ 31.25 మిల్లీమీటర్లే అయినా పైన అలంకారపు రేకు తొడిగితే చిన్న కూలర్ కిందికి వెళ్లదు.

బాలానగర్ వాళ్లతో ఒక మాట. మన దగ్గర సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టూల్ డిజైన్ 1968 నుంచి ఉంది. లేజర్ కటింగ్, బెండింగ్, పౌడర్ కోటింగ్, అన్నీ నడిచి వెళ్లేంత దూరంలో ఉన్నాయి. మా అమ్మాయి క్యాబినెట్ విదేశం నుంచి వచ్చింది. విప్పి చూశాను. అందులో మన కుర్రాళ్లు చేయలేని వంపు ఒక్కటి లేదు.

మీ ఆదివారం పేజీవారు వచ్చేసారి ధర పక్కన మిల్లీమీటర్లు కూడా వేయండి. మొదలుపెట్టడానికి మావి పంపుతున్నాను: క్యాబినెట్ 330 × 215 × 148, కార్డు పొడవు 245, మందం 49.6, కూలర్ 47, బరువు మొత్తం 5 కిలోల 100 గ్రాములు. కార్డు మందం నేను వెర్నియర్‌తో మూడుసార్లు చూశాను. బరువు మా వీధి కిరాణా కొట్టు కాటా మీద తూచాం. పోయిన ఆదివారం అమ్మాయి దాన్ని బ్యాగులో పెట్టుకుని కాజీపేట రైలెక్కింది, దారంతా ఒళ్లోనే పెట్టుకుందట.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టూల్‌రూమ్ ఫిట్టర్,
మూసాపేట, హైదరాబాద్